మూడో అంతస్తు సున్నాలు

పెద్ద డాక్టరుగారు ఉత్తరాన్ని బల్ల మీద మిణుగురమ్మ ముందుకు తోశారు. ఆసుపత్రి రెండో అంతస్తు శుభ్రం చేసే మనిషిని పనిలోంచి తీసేస్తున్నామని అందులో ఉంది. చివర ఒక వాక్యం: పరీక్ష యంత్రం చూపిన అంకెలు సరైనవేనని దాన్ని తయారు చేసిన రసాయన శాస్త్రవేత్తగా ధ్రువీకరిస్తున్నాను. దాని కింద సంతకానికి చోటు.

ఆ శాస్త్రవేత్తే మిణుగురమ్మ. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. పదకొండేళ్ళు కూర్చుని ఆవిడ ఒక చిన్న పెట్టె తయారు చేసింది. ప్రాణమున్న ప్రతిదానిలోనూ, అది వదిలిన మురికిలోనూ ఒక ఇంధనం ఉంటుంది. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే పదార్థానికి ఆ ఇంధనం తగిలితే చాలు, వెలుగుతుంది. బల్లను దూది పుల్లతో తుడిచి పెట్టెలో పెడితే పది సెకన్లలో అంకె వస్తుంది. వెలుగు ఎంత ఎక్కువైతే మురికి అంత ఎక్కువ. యాభై దాటితే తప్పు. ఆ యాభై కూడా ఆవిడ పెట్టిందే.

పని పోబోతున్న మనిషి ఆవిడ వదిన. సొంత అన్న భార్య.

గొడవకు కారణం చిన్నదేమీ కాదు. ఒక్క నెలలో నలుగురు రోగుల కుట్లు చీము పట్టాయి. ఆ నేరం ఎవరో ఒకరి మెడకు చుట్టాలి. రెండో అంతస్తు మందుల బండి మీద అంకె రోజూ అరవై, అరవై నాలుగు. మూడో అంతస్తులో సున్నా, ఒకటి, సున్నా. చీము పట్టిన నలుగురిలో ముగ్గురు మూడో అంతస్తు వాళ్ళే కదా అని అడిగితే, కింది మురికే పైకెక్కిందని చెప్పడానికి ఆ అంతస్తు సూపర్‌వైజర్ సిద్ధంగా ఉన్నాడు. పాపం, మురికికి మెట్లెక్కే ఓపిక బాగానే ఉంది.

ముందు రోజు సాయంత్రం వదిన పని నుంచి నేరుగా ల్యాబుకే వచ్చేసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ పెట్టె నన్ను మురికిదాన్ని చేసింది. సంతోషమేనా?"

"పెట్టె ఉన్నదే చెప్తుంది వదినా."

"ఆహా. నేను మందునీళ్ళతో రుద్ది, మళ్ళీ మంచినీళ్ళతో తుడిచి ఆరబెడతాను. రూలు అదే. పైన వాళ్ళు బ్లీచింగ్ నీళ్ళు గుమ్మరించి అలాగే వదిలేస్తారు. ఆ బల్ల ముట్టుకుంటే నా చెయ్యే మండింది. నా చెయ్యే మండితే నీ పురుగు వెలుగు బతుకుతుందా?"

మిణుగురమ్మ తన పాత నోటు పుస్తకం తీసింది. బ్లీచింగ్ తగిలితే ఆ వెలుగు చచ్చిపోతుందని మొదటి ఏడాదే చూసింది, పుస్తకంలో రాసుకుంది కూడా. రూలు ప్రకారం ఎలాగూ కడిగేస్తారు కదా అని అక్కడితో వదిలేసింది. రూలు రాసినవాళ్ళు ఎన్నడూ గుడ్డ పట్టలేదు. ఆవిడా పట్టలేదు.

"సంతకం పెట్టండి. పదకొండున్నరకి నాకు ఆపరేషను ఉంది" అన్నారు పెద్ద డాక్టరుగారు, ఉత్తరం మీద వేలు పెట్టి.

"పెట్టను."

సూపర్‌వైజర్ పక్క కుర్చీలోంచి గొంతు సవరించుకున్నాడు. "వదినగారు కదా, ఆ మాత్రం కష్టంగానే ఉంటుంది లెండి."

మిణుగురమ్మ అతని వైపు తిరిగింది.

"వదిన కాబట్టి ఆవిడ అంకె గురించి ఒక్క ముక్క మాట్లాడను. మీ సున్నాల గురించి మాట్లాడతాను."

సంచిలోంచి పెట్టె తీసింది. దాని పక్కన ఒక బుల్లి సీసా పెట్టింది. "ఇందులో క్రిమి లేదు, మురికి లేదు. ల్యాబులో తూచి కలిపిన ఇంధనం, అంతే. దీనికి ఎప్పుడు చూసినా వెయ్యి చుట్టుపక్కల రావాలి." పుల్ల ముంచి పెట్టెలో పెట్టింది. వెయ్యీ పన్నెండు. ఇంకో పుల్ల ముంచి, మూడో అంతస్తు బకెట్లోంచి పొద్దున పట్టుకొచ్చిన నీళ్ళు దాని మీద ఒక్క చుక్క వేసింది. రెండు.

"చూశారా, బ్లీచింగ్ క్రిముల్ని చంపేసింది" అన్నాడు సూపర్‌వైజర్, పందెం గెలిచినవాడిలా.

"చంపడానికి ఇందులో క్రిములే లేవని ఇప్పుడే చెప్పాను. చంపింది వెలుగుని. ఇంట్లో దీపం ఆర్పేసి, చెత్త ఏమీ కనబడట్లేదు, ఇల్లు శుభ్రంగా ఉంది అన్నట్టుంది మీ లెక్క."

 మిణుగురమ్మ ఒక చీటీ తీసి డాక్టరుగారి ముందు పెట్టింది. బ్లీచింగ్‌కు విరుగుడు కలిపిన పుల్లలతో ఆ పొద్దున మూడో అంతస్తు బల్లలు తుడిస్తే వచ్చిన అంకెలవి. ఏడు వందల నలభై. ఎనిమిది వందల పది. తొమ్మిది వందల ఆరు. రుద్దకుండా మందు పోస్తే మురికి ఆ మందు కింద హాయిగా పడుకుంటుంది.

డాక్టరుగారు సూపర్‌వైజర్‌ని బయటికి పంపి తలుపు వేశారు. గొంతు తగ్గించారు.

"చూడమ్మా, వచ్చే నెల వంద ఆసుపత్రులకి మీ పెట్టె వెళ్తోంది, నా సిఫార్సు మీదే. పెట్టె అబద్ధం చెప్తుందని మీరే అంటే..."

"ఒక్కటి కూడా వెళ్ళదు. తెలుసు."

"పదకొండేళ్ళ కష్టం."

"ఆ పదకొండేళ్ళూ నావి. మీరు భయపడక్కర్లేదు." కాస్త ఆగి మళ్ళీ అంది. "ఇంకోటి కూడా ఉంది. యాభై అనే హద్దు రెండు అంతస్తుల అంకెలూ కలిపి సగటు చూసి, దానికి కాస్త పైన పెట్టాను. అందులో సగం ఈ గుడ్డి సున్నాలే. ఆ హద్దే తప్పు. ఆ తప్పు నాది."

చెప్తుంటే సిగ్గేసింది. సిగ్గు కన్నా కోపం ఎక్కువ వేసింది. ఉత్తరం దగ్గరికి లాక్కుని చివరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. పెట్టె చూపిన సున్నాలు నమ్మదగినవి కావు, యాభై అనే హద్దు నా పొరపాటు, వీటిని బట్టి ఎవరినీ పనిలోంచి తీయకూడదు అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.

"ఇది నేను ఒప్పుకోను" అన్నారు డాక్టరుగారు.

"ఒప్పుకోకండి. నా ధ్రువీకరణ లేకుండా ఈ ఉత్తరం చెల్లదు. ఇదే మాట పొద్దునే పై ఆఫీసుకీ, ఆ వంద ఆసుపత్రులకీ రాసి పంపేశాను."

పెట్టె చంకన పెట్టుకుని రెండో అంతస్తుకు దిగింది. వదిన వసారా చివర గుడ్డ పిండుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఉన్నానా, పోయానా?"

"ఉన్నావు."

"నీ పెట్టె?"

"మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి."

వదిన తల ఊపింది. గుడ్డ దులిపి భుజాన వేసుకుంది. "అది సరే, నా అరవై నాలుగు సంగతేంటి? అదీ అబద్ధమేనా?"

కాదు. వదిన కోసం కూడా మిణుగురమ్మ ఆ మాట మార్చలేకపోయింది. "నీది నిజమే. పొద్దున నేనూ తుడిచి చూశాను, బండి పిడి కింది అంచున మురికి ఉంది. గుడ్డ అక్కడిదాకా పోవట్లేదు."

వదిన భుజం మీంచి గుడ్డ తీసింది.

"మూడు నెలల నుంచీ రోజూ పుల్లతో తుడుచుకుని పోతున్నారు. ఎంతొచ్చిందో, ఎక్కడొచ్చిందో ఒక్కరోజు ఒక్కళ్ళు నాకు చెప్పారా? చెప్పుంటే ఆ రోజే తుడిచేదాన్ని కదా."

మిణుగురమ్మ పెట్టె కింద పెట్టి ఒక పుల్ల తీసింది. వదిన మోకాళ్ళ మీద కూర్చుని పిడి కింద వేలు దూర్చి రుద్దింది, మంచినీళ్ళతో తుడిచింది, ఆరేదాకా కూర్చుంది. అప్పుడు చెయ్యి చాపింది.

"ఆ పుల్ల ఇటివ్వు. నేనే పెడతాను."

పెట్టె మూత మూసి పది సెకన్లూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. పదకొండు.

"ఇంకా తగ్గుతుంది" అని గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచింది.