మొక్కితే వస్తాడు

వర్షర్తువు తన కడపటి మేఘశకలములను తూర్పుకనుమలకు అప్పగించి తరలిపోగా నిర్మలనీలాంబరమున శరత్కాలభాస్కరుడు ప్రసన్నుడై వెలుగుచుండ, ఉప్పుగాలికి తుప్పుపట్టిన కిటికీచువ్వల సందునుండి సముద్రఘోష ఎడతెగక వినవచ్చుచుండ, విశాఖపట్టణ సాగరతీరమునందలి క్రీడాప్రాంగణపు మేడగదిలో పదునెనమండుగురు మహాకాయులు గోడపైని తెరను చూచుచు కూర్చుండియుండిరి. ఉదయము తొమ్మిది గంటలయ్యెను. బల్లపై పెట్టిన ఇడ్లీలు చల్లారిపోవుచున్నను ఒక్కడును చేయి చాపలేదు. అట్టివారు ఇడ్లీని మఱచిరనిన విషయమెంత గంభీరమైనదో చదువరులే ఊహింతురుగాక.

వీరు అమెరికా దేశపు ఫుట్‌బాల్ ఆటను వృత్తిగా స్వీకరించిన విశాఖజట్టు వీరులు. ఇది కాలితో తన్ను ఆట కాదు. కోడిగ్రుడ్డువలె కొసలు సాగిన తోలుబంతిని చంకనిడుకొని పరుగెత్తియో దూరముననున్న తనవానికి విసరియో ఎదుటివారి కొసగీత దాటింపవలెను. దాడి చేయువారికి నాలుగు పట్లు, అనగా నాలుగు ప్రయత్నములు, మాత్రమే ఇయ్యబడును. ఆ నాలుగింట పది గజములు సాగకున్న బంతి పరహస్తగతమగును. దాడిని నడపు నాయకుని క్వార్టర్‌బ్యాక్ అందురు. అతడు బంతిని విసరునో తానే పరుగిడునో ముందుగా తెలిసినచో ఆపుట సుకరము. తెలియనిచో దేవుడే దిక్కు.

రాబోవు ఆదివారమున వీరిపైకి వచ్చుచున్నది ఓరుగల్లు జట్టు. దాని క్వార్టర్‌బ్యాక్ ఏరుకొండ సమ్మయ్య. ఈ కథకునకు ఒకరిని పొగడుట అంత సులభముగా రాదు. అయినను ఆజానుబాహుడును విశాలవక్షస్కుడును అయిన ఆ పురుషుడు నలువురు మీదపడుచున్నను రెప్పవేయక నిలిచి అఱువది గజముల దూరమున పరుగెత్తుచున్న తనవాని అఱచేతిలో బంతిని పెట్టుటయు, మఱుక్షణమున అదే బంతిని చంకనిడుకొని మనుష్యారణ్యమును చీల్చుకొని పోవుటయు చూచినవాడెవడైనను ఔరా అనక మానడు. మూడుదినములుగా తెరపై చూచుచున్న విశాఖవీరులకు ఆకలి చచ్చిపోయెననిన అందు వింత లేదు.

వారిలో ఎక్కువగా క్రుంగియున్నవాడు చిన్నంనాయుడు. రక్షకపంక్తికి నడుమ నిలుచువాడితడే. ముప్పదిమూడేండ్లవాడు. గడచిన మూడు పోటీలయందును సమ్మయ్య ఇతనిని దాటియే కొసగీత చేరెను. ఈసారి నడుమ మఱియొకనిని నిలుపవలెనని శిక్షకుడు సన్యాసిరాజు మాష్టారు తలపోయుచున్న సంగతి అందఱకును తెలియును.

చిన్నంనాయుడు లేచి నిలిచెను. “ఈపాలి కూడా నన్నే నిలబెట్టండి మాష్టారూ. మళ్ళీ నన్ను దాటి ఎలిపోతే ఈ చొక్కా ఇప్పీసి మీ చేతిలో ఎట్టేత్తాను.”

“మూడుసార్లు దాటీసేడు కదరా. నాలుగోపాలి దాటడని ఏటి నమ్మకం?”

“నమ్మకం నేదు మాష్టారూ. ఆశే.”

మాష్టారు తెరవైపు మరలెను. ఆటనుండి తొలగిన పిదప తనకు చేయుటకేమియు లేదని ఎఱిగిన మనుష్యుని ముఖమును చూచుట ఆయనకు కష్టమయ్యెను.

అప్పుడు గది మూలనుండి నూకరత్నము కదిలెను. ఎదుటిజట్ల ఆటలను ముక్కలుముక్కలుగా పరిశీలించి గుట్టు పట్టుట ఈమె ఉద్యోగము. పూర్వము అనకాపల్లి ప్రాంతమున పేరుమోసిన చెడుగుడు ఆటగత్తె. మోకాలు చెడి బరిని విడిచినది కాని కన్ను మాత్రము బరిని విడువలేదు. జట్టువారు ఏ ఆటనైనను బంతి కదలిన క్షణమునుండియే కత్తిరించి దాచుకొనుట వాడుక. అంతకు మునుపటి క్షణములు వ్యర్థములని వారి తలంపు. ఆ వ్యర్థక్షణములను వెదకి తెచ్చి ఈమె రేయింబవళ్లు చూచియుండెను.

“బంతి కదలక ముందునుంచీ సూడండి మాష్టారూ. ఆడు కూతకెళ్తన్నాడు.”

చెడుగుడులో ఊపిరి బిగబట్టి ఎదుటివారి బరిలోనికి ఒంటరిగా చొరబడుటను కూతకు పోవుట యందురు. కూతకు పోవువాడు నడిమిగీతను దాటుటకు ముందు వంగి నేలనంటి ఆ వ్రేళ్లను కన్నుల కద్దుకొనును. తెరపై సమ్మయ్య అదియే చేయుచుండెను. తోటివారు పంక్తులు తీర్చు సందడిలో ఎవ్వరికిని అగపడని రెప్పపాటులో కుడిచేయి నేలకు తాకెను, కన్నులకు చేరెను. ఆ వెంటనే బంతినందుకొని తానే పరుగుతీసెను.

ఆమె రెండువందల పదునాలుగు పట్లను లెక్కించియుండెను. తాను పరుగిడిన ఏబదిమూడింటను సమ్మయ్య నేలకు మొక్కెను. బంతిని విసరిన నూటయఱువదియొకటింట ఒక్కమాఱును మొక్కలేదు. బాల్యమున చెడుగుడు బరిలో అబ్బిన ఆ అలవాటు తనయందు ఇంకను బ్రతికియున్నదని పాపము అతనికే తెలియదు.

గదిలో హర్షధ్వానములు చెలరేగునని ఎవరైనను తలంచినచో పొరబాటు. అన్యుని పూజగదిలోనికి పిలువకయే తొంగిచూచినట్లు అందఱును సిగ్గుపడిరి. అంతటి మొనగాడు, ఏబదివేలమంది కేకలు వేయుచుండగా, తన పాదము మోపబోవు మట్టిని ముందు కన్నుల కద్దుకొనుచున్నాడా? చిన్నంనాయుని కన్నులు చెమర్చెను.

“మా ఊళ్ళో అయితే ఎదురుగా ఆణ్ణి పట్టడానికి నిలబడ్డోడు కూడా తిరిగి మొక్కుతాడు” అని అతడు మెల్లగా పలికెను.

“నువ్వు మొక్కీగలవు, జాగర్త!” అని మాష్టారు ఉలికిపడెను. “ఆడి సెయ్యి సూసినట్టే అగుపడకూడదు. ఆడు మొక్కగానే నువ్వు కూత అని అను. మూలల్నున్నోలంతా కాపలా ఒగ్గేసి నడుమకి దూకీయాల. నడుమ నువ్వే.”

ఈ ఉపాయమున ఒక ప్రమాదము కలదు. మొక్కినవాడు మనసు మార్చుకొని బంతి విసరెనా, మూలలయందు అడ్డుకొనువాడు ఒక్కడును ఉండడు. ఆ సంగతి ఎఱిగియే నూకరత్నము తన పుస్తకమున సమ్మయ్య పేరుక్రింద ఒకే వాక్యమును వ్రాసెను: మొక్కితే వస్తాడు. ఇడ్లీపళ్లెములు తీయవచ్చిన నీలయ్యమ్మ కూడబలుకుకొని చదివి “ఏ దేవుడమ్మా, సింహాద్రప్పన్నేనా?” అని అడిగెను. మూడుదినములుగా లేని నవ్వు ఆ గదిలో వినబడెను. ఇడ్లీలును చెల్లిపోయెను.

ఆదివారము వచ్చెను. ఎండ చల్లబడిన సాయంసమయమున ఆట కడపటి ఘట్టమునకు చేరెను. ఆఱుమాఱులు సమ్మయ్య నేలకు మొక్కెను. ఆఱుమాఱులు చిన్నంనాయుడు కూత అనెను. ఆఱుమాఱులును విశాఖవీరులు గోడగా నిలిచిరి. అయినను విసరుటయందు సమ్మయ్యకు సాటిలేదు గనుక ఓరుగల్లు జట్టు నాలుగు పాయింట్లు మాత్రమే వెనుకబడి కొసగీతకు రెండు గజముల దూరమునకు వచ్చి నిలిచెను. మిగిలినది నాలుగవ పట్టు. మిగిలిన కాలము నాలుగు క్షణములు. గీత దాటినచో ఆఱు పాయింట్లు వచ్చి ఓరుగల్లు గెలుచును, దాటకున్న విశాఖ గెలుచును. చిన్నంనాయుని చొక్కా సంగతియు అక్కడనే తేలవలెను.

సమ్మయ్య వంగి నేలనంటి కన్నుల కద్దుకొనెను. “కూత!” అని చిన్నంనాయుడు అఱచెను. మూలలనున్నవారు నడుమకు దూకిరి.

అంతట జరుగరానిది జరిగెను. మాష్టారి హెచ్చరికయు మూడు పోటీల పరాభవమును చొక్కాపంతమును ఏమైపోయెనో కాని చిన్నంనాయుని కుడిచేయి తనంతట తాను నేలకు వ్రాలి కన్నులకు చేరెను. ఊరి బరిలో పదేండ్ల ప్రాయమునుండి ఎదుటివాని మొక్కునకు మాఱుమొక్కు చెల్లించిన చేయి అది.

సమ్మయ్య చూచెను. ఇనుపచువ్వల శిరస్త్రాణము వెనుక అతని కన్నులు విశాలములయ్యెను. ఆఱుమాఱులు తనకు ఎదురైన గోడ మర్మము ఒక్క రెప్పపాటులో బోధపడెను. కుడిమూలను అతని జట్టువాడు ఒంటరిగా నిలిచి చేయి ఊపుచుండెను. పదిగజముల మేర అడ్డుకొనువాడు లేడు. మేడమీద నూకరత్నము రెండుచేతులతో తల పట్టుకొనెను. మాష్టారు కన్నులు మూసికొనెను. ఒక్క విసరుతో సర్వము ముగియును.

బంతి చేతికి వచ్చెను. సమ్మయ్య విసరలేదు. తల వంచి తిన్నగా చిన్నంనాయుని మీదికే వచ్చెను.

ఆ తాకిడికి ప్రేక్షకులలో ముందువరుసలవారు లేచి నిలిచిరి. దుమ్ము అణగిన పిదప చూడగా ఇరువురును ఒకరినొకరు పెనవేసికొని పడియుండిరి. బంతి గీతకు జానెడు దూరమున నిలిచిపోయెను.

చిన్నంనాయుడు లేవక పడియుండియే అడిగెను. “నాను మొక్కింది సూసీసేవు కదా?”

“సూసిన్నన్నా. గప్పుడే సమజైంది, మీకు ముందుగాలనే ఎరుకని.”

“మరి ఇసిరీలేదేటి? ఆ మూల మడిసే నేడు.”

సమ్మయ్య నవ్వి పంటిసందున చిక్కిన గడ్డిపోచను తీసివేసెను. “నేలకు మొక్కినంక ఎనక్కి ఎట్ల పోతనే? నువ్వు గూడ మొక్కితివి. ఇగ రాకపోతే ఎట్ల?”

మఱునాడు ఉదయము అదే మేడగదిలో అదే తెరముందు అందఱును కూడిరి. చిన్నంనాయుడు తన తప్పును తానే ఒప్పుకొనెను. మాష్టారు అతనిని చూచి “నిన్న నెగ్గించిందెవుడురా? నువ్వా, ఆడా?” అని అడిగెను.

“ఆడే మాష్టారూ.”

తిట్టుటకు సిద్ధపడియున్న మాష్టారు “చొక్కా నీ దగ్గరే ఉంచుకో” అని మాత్రము గొణిగి నూకరత్నము వైపు తిరిగెను. “ఆ మాట కొట్టీయమ్మా. గుట్టు తెలిసిపోనాది కదా. ఇంక ఆడు మొక్కడు.”

ఆమె పుస్తకము తెఱచి కలము మూత తీసెను. నాలుగుదినముల క్రిందట శత్రువు మర్మముగా తాను వ్రాసిన ఆ వాక్యమును మఱల చదివెను. ఒక్క అక్షరమును మాఱలేదు కాని అది ఇప్పుడు ఒక మనుష్యుడు ఇచ్చిన మాటవలె కనబడెను. కొట్టివేయుటకు చేయి రాలేదు. కలము మూత మఱల బిగించెను.

“మొక్కుతాడు మాష్టారూ” అనెను. “మొక్కితే వస్తాడు.”

బంతి కదలుటకు ముందటి క్షణమున ఆట నిలిపియుంచబడిన ఆ తెరపై గీతకు అటునొకడును ఇటునొకడును నేలకు వంగియే యుండిరి.