చీటీలో లేని గడి

డ్రోన్ మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు పడింది. ఆస్పత్రి భవనం మూడో అంతస్తు డాబా మీద, అంచున కూర్చుని టీ తాగుతున్న పనివాడికి మూరెడు దూరంలో. అతనికి దెబ్బ తగల్లేదు. చేతిలోని గ్లాసు జారి కింద పోర్టికో మీద పడి పగిలింది.

దాన్ని నడుపుతున్నది సగం మాస్టారి బావ. ఇరవై రెండేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ప్రెస్సు మూతపడ్డాక ఏడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. మూడు నెలల క్రితం ఈ పని దొరికింది. పైకప్పుల మరమ్మతులు చేయించే మేస్త్రీ ఒకాయన, ఎక్కడ పగిలిందో చూడడానికి మనుషుల్ని నిచ్చెన ఎక్కించకుండా ముందు పైనుంచి ఫొటోలు తీయించుకుంటాడు. డ్రోన్ మాస్టారిది. బావ రోజూ పొద్దున కొట్టుకు వచ్చి తీసుకెళ్తాడు, సాయంత్రం తెచ్చి అప్పగిస్తాడు.

సగం మాస్టారు బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాడు. డ్రోన్లు బాగుచేస్తాడు. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ బ్యాటరీ గురించి పాఠం చెప్పకుండా వదలడు కాబట్టి మాస్టారు. వాడనప్పుడు బ్యాటరీలో చార్జింగ్ సగమే ఉంచాలన్నది ఆ పాఠంలో మొదటి మాట కాబట్టి సగం. నిండుగా ఉంచితే ఉబ్బుతుంది, ఖాళీగా ఉంచితే చస్తుంది అంటాడు. పక్క కొట్టు టైలర్ మాత్రం, "ఆయన ఇంట్లో అన్నం కూడా సగమే తిని, మిగతాది అలమారలో పెట్టి తారీఖు రాస్తాడు" అంటాడు.

ఏ డ్రోన్ పడినా, ఎందుకు పడిందో పరీక్షించి మాస్టారు రాసిచ్చే చీటీ అడుగుతాడు మేస్త్రీ. ఆ చీటీ మాస్టారే తయారుచేసి అచ్చు వేయించుకున్నాడు. అందులో రెండు గడులు. ఒకటి యంత్రం. రెండోది నడిపినవారు. బావకు ముందు ఆ పని చేసినాయన డ్రోన్ చెట్టులో పడినప్పుడు కూడా మాస్టారే రాశాడు, యంత్రంలో లోపం లేదని. మేస్త్రీ మర్నాడు ఆయన్ని రావద్దన్నాడు. అలా ఖాళీ అయిన చోట్లోకే బావ వచ్చాడు.

మధ్యాహ్నం బావ గుడ్డ సంచీలో ముక్కలు వేసుకుని వచ్చాడు. వెనకే అక్క.

"చూడరా తమ్ముడూ, మీ బావ నిర్వాకం" అంది అక్క, సంచీ బల్ల మీద పెట్టకముందే. "ఇంట్లో పింగాణీ కప్పులు మిగల్చలేదు. ఇప్పుడు ఆకాశంలోవి కూడా మొదలెట్టారు."

"నేనేం చెయ్యలేదే. గాల్లో నిలబెట్టి ఫొటో తీస్తున్నా" అన్నాడు బావ.

"చెయ్యకుండానే పడిందా? ఆ పనివాడి నెత్తిన పడుంటే ఏం చేసేవారు?"

"అదే నేనూ అనుకుంటున్నా."

"అనుకోండి. కూర్చుని అనుకోండి. మళ్ళీ ఏడు నెలలు అనుకోవడమే మన పని."

కొట్టులో అప్పటికి ఇద్దరు ఖాతాదారులున్నారు. ఒకాయన నవ్వు ఆపుకుంటూ కెమెరా పెట్టెల వంక తిరిగాడు. బావ తల దించుకుని సంచీలోంచి ముక్కలు ఒక్కొక్కటిగా తీసి, ప్రెస్సులో అచ్చుకాగితాలు పేర్చినట్టు వరుసగా పేర్చాడు. రెక్కల్ని మోసే చేతులు రెండు, మూడు రెక్కలు, విరిగిన కాలు. చివర బ్యాటరీ. దాని మీద తెల్ల కాగితం అంటించి ఉంది. నాలుగో నంబరు. కింద పెన్సిలుతో, మాస్టారి చేతిరాతలో, "సగం" అని, పక్కన అయిదు వారాల కిందటి శనివారం తారీఖు.

"ఇది మూడు గజాల దూరంలో దొరికింది. పడ్డ దెబ్బకు ఊడినట్టుంది" అన్నాడు బావ.

మాస్టారు బావ ఫోన్ తీసుకుని డ్రోన్ రికార్డు తెరిచాడు. పడిపోతున్న డ్రోన్‌కు కరెంటు ఉంటే ఎత్తు ఇరవై ఒకటి, పందొమ్మిది, పద్నాలుగు అని దిగుతూ కనిపించాలి. ఈ రికార్డు ఇరవై ఒక్క మీటర్ల దగ్గర ఆగిపోయింది. అప్పటికి చార్జింగ్ అరవై నాలుగు శాతం. ఆ తర్వాత ఏమీ లేదు. బ్యాటరీ ఊడింది నేల మీద కాదు, గాల్లో.

అతను ఆ బ్యాటరీని బల్ల మీది అద్దంపై పెట్టి వేలితో తోశాడు. అది బొంగరంలా తిరిగింది. అడుగు సమంగా ఉన్న బ్యాటరీ అద్దం మీద తిరగదు. ఉబ్బినదే తిరుగుతుంది. అతను వెంటనే దాని మీద చెయ్యి వేశాడు. అక్క బావను తిడుతూనే ఉంది. ఎవరూ చూడలేదు.

మాస్టారికి ఒక అలవాటుంది. శనివారం, ఆ వారం చార్జింగు పెట్టిన బ్యాటరీలన్నిటినీ సగానికి దింపి దాస్తాడు. ఒక్కోటి దిగడానికి గంట పైన పడుతుంది. అందుకని కాగితాలు ముందే అన్నిటికీ రాసి అంటించి, తర్వాత వరుసగా దింపుకుంటూ పోతాడు. ఆ శనివారం మూడోది దిగుతుండగా ఎవరో వచ్చారు. నాలుగోది దించలేదు. కాగితం మాత్రం ఉంది. ఎండ పడే గోడ వైపు అలమారలో అది అయిదు వారాలు నిండుగా కూర్చుంది.

అదొక్కటే అయితే మరుపు అనుకోవచ్చు. కానీ మంగళవారం పొద్దున రోజూ వాడే బ్యాటరీ పిన్ను విరిగి ఉంటే, మాస్టారు అలమారలోంచి నాలుగోది తీశాడు. కాగితం మీద సగం అని ఉంది. బొత్తాం నొక్కితే దీపాలు నాలుగూ వెలిగాయి. చార్జింగ్ నిండుగా ఉందని అర్థం. నిన్న నేనే చార్జింగు పెట్టానేమో అనుకున్నాడు. మేస్త్రీ ఎదురు చూస్తున్నాడని బావ గుమ్మంలో తొందరపడుతున్నాడు. బ్యాటరీని గూట్లోకి తోస్తే బిగుతుగా దిగింది. అరచేత్తో ఒక దెబ్బ వేశాడు. టక్కుమని గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. వినిపించిందనే అనుకున్నాడు.

ఆ బిగుతు ఇప్పటికీ అతని అరచేతిలో ఉంది.

ఫోన్ మోగింది. మేస్త్రీ.

"మాస్టారూ, మీ బావని నేనేమీ అనలేదు. మా వాళ్ళు భయపడుతున్నారు. మీ చీటీ చూసి చెప్తాను. మీరేం రాస్తే అదే."

అక్క మాటలాపి తమ్ముడి వైపు చూసింది. బావ చూడలేదు. ఖాతాదారులిద్దరూ చూశారు. గోడ మీద మాస్టారు సొంత చేత్తో రాసి పెట్టిన అట్ట ఉంది: ఉబ్బిన బ్యాటరీ వాడేవాడికి ఈ కొట్టులో పని లేదు.

అతను చీటీ పుస్తకం తీశాడు. యంత్రం అన్న గడిలో "లోపం లేదు" అని రాశాడు. అది నిజం. మోటార్లు, వైర్లు, బోర్డు అన్నీ బాగానే ఉన్నాయి. నడిపినవారు అన్న గడిని ఖాళీగా వదిలేశాడు. చదివేవాడు ఆ ఖాళీని దేనితో నింపుకుంటాడో అతనికి తెలుసు. కొట్టువాడి కోసం చీటీలో గడి లేదు. అచ్చు వేయించిన రోజున ఆ అవసరం వస్తుందని అతనికి తోచలేదు.

"ఇది మేస్త్రీకి ఇచ్చేసి వెళ్ళు బావా" అన్నాడు.

బావ చీటీ చదివాడు. "అంతేలే" అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్క ఖాళీ సంచీ మడిచి చంకన పెట్టుకుంది.

మర్నాడు పొద్దున బావ ఒక్కడే వచ్చాడు. చేతిలో నోట్‌బుక్కు. తేలు కుట్టిన దొంగలా మాస్టారు స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు.

"మేస్త్రీ ఇంకో మనిషిని చూసుకుంటానన్నాడు" అన్నాడు బావ. "ఆయన తప్పేం లేదు. నాకు ఒక్కటి చెప్పు బామ్మర్దీ. నువ్వు మొదటి రోజు నుంచి చెప్పినవన్నీ ఇందులో రాసుకున్నా. ఇరవై మూడు. రాత్రి కూర్చుని ప్రూఫు చూసినట్టు చూశా. ఏది తప్పానో దొరకట్లేదు. నువ్వు చూడు."

నోట్‌బుక్కు తెరిచి ముందు పెట్టాడు. వేడిగా ఉన్న బ్యాటరీ చార్జింగుకు పెట్టరాదు. టిక్కు. చలిలో ఎగరేసే ముందు ఒక నిమిషం కిందే రెక్కలు తిప్పాలి. టిక్కు. ఇరవై శాతం దగ్గర దింపేయాలి. టిక్కు. రెక్కల స్క్రూలు రోజూ చూడాలి. టిక్కు. ప్రతి వాక్యం చివర చుక్క ఉంది. అక్షర దోషం ఒక్కటి లేదు.

పదిహేడో దాని పక్కన టిక్కు లేదు. బ్యాటరీ బిగుతుగా దిగితే ఎగరేయకూడదు.

"అది వదిలెయ్" అన్నాడు బావ. "నిన్న పెట్టింది నువ్వు కదా. అందుకే టిక్కు పెట్టలేదు. నువ్వు చూసే ఉంటావు. మిగతావి చూడు."

మాస్టారు మిగతావి చూడలేదు. వేలు పదిహేడు మీదే ఉంది.

"బిగుతుగానే దిగింది బావా."

"ఏంటి?"

"బ్యాటరీ. ఉబ్బింది. నేను దించడం మర్చిపోయి, దించానని కాగితం రాశా. పెట్టేటప్పుడు తెలిసింది. తెలిసీ కొట్టి లోపలికి తోశా. గాల్లోనే ఊడిపోయింది. రికార్డులో నిన్ననే చూశా."

బావ నోట్‌బుక్కు మూశాడు. కేకలేస్తాడని మాస్టారు అనుకున్నాడు. వేస్తే బాగుండేది.

"మీ అక్కకు చెప్పావా?"

"లేదు."

"నిన్న అది నన్ను తిడుతున్నప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"కొట్టుకొచ్చినాయన నవ్వుతున్నప్పుడూ?"

మాస్టారు తలూపాడు. పక్క కొట్టులో టైలర్ మిషన్ ఆగింది. గోడలు పల్చన. మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పట్టింది.

"మేస్త్రీ దగ్గరికి నేను నీతో రాను" అన్నాడు బావ లేస్తూ. "పక్కన నిలబడితే నేనే చెప్పించాననుకుంటారు. నువ్వు వెళ్ళు."

మాస్టారు కొత్త చీటీ రాశాడు. నడిపినవారు అన్న గడిలో "పొరపాటు లేదు" అని రాశాడు. ఆ కింద గడి లేదు కాబట్టి, కాగితం అడుగున ఖాళీలో మిగతాది రాశాడు. "ఉబ్బిన బ్యాటరీ పెట్టి పంపినది నేను." సంతకం చేశాడు. కొట్టు ముద్ర వేస్తుంటే చెయ్యి జారి, ముద్ర సంతకం మీదే పడింది. మళ్ళీ రాయలేదు.

మేస్త్రీ షెడ్డు దగ్గర పనివాళ్ళు రేకులు దింపుతున్నారు. టీ గ్లాసు జారవిడిచినతనూ వాళ్ళలో ఉన్నాడు. మేస్త్రీ చీటీ చదివాడు. జేబులోంచి నిన్నటి చీటీ తీసి పక్కన పెట్టి మళ్ళీ చదివాడు.

"నిన్న అబద్ధం రాశారా మాస్టారూ?"

"అబద్ధం రాయలేదు మేస్త్రీగారూ. సగం రాశాను."

టీ గ్లాసు పనివాడు రేకు దింపి నడుం మీద చెయ్యేసుకున్నాడు. "పేరు నిలబెట్టుకున్నారు సార్" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు.

"మీ బావని రేపు రమ్మనండి. ఆయనకు నేను ఫోన్ చేసి మాట్లాడతాను. మీ చీటీలు మాత్రం ఇక వద్దు."

"సరేనండీ."

"ఇంకో మాట." మేస్త్రీ రెండు చీటీలూ కలిపి మడిచాడు. "మీ బావకు ముందు ఒకాయన ఉండేవాడు. ఆయన డ్రోన్ చెట్టులో పడింది. బ్యాటరీ మీ కొట్టుదే, తప్పు దానిదే అన్నాడు. నేను వినలేదు, మీ చీటీ ఉంది కదా అని. అందులోనూ ఇలాగే ఉంది. యంత్రంలో లోపం లేదు. కింద ఖాళీ. అది పూర్తిగా రాసిందా, సగం రాసిందా?"

మాస్టారికి గుర్తు రాలేదు. ఆ బ్యాటరీని అద్దం మీద తిప్పి చూశాడో లేదో గుర్తు లేదు. ఎప్పుడో పారేశాడు. రేకుల చప్పుడు ఆగింది. పనివాళ్ళు కూడా జవాబు కోసం చూస్తున్నారు.

"తెలీదండీ" అన్నాడు.

గురువారం పొద్దున బావ మామూలు వేళకే వచ్చాడు. విరిగిన చేతులకు బదులు కొత్తవి వేసిన డ్రోన్ బల్ల మీద ఉంది. మాస్టారు ఒకటో నంబరు బ్యాటరీ తీసి అద్దం మీద పెట్టి తోశాడు. తిరగలేదు. బావ దాన్ని తన చేతిలోకి తీసుకుని మళ్ళీ అద్దం మీద పెట్టాడు. మళ్ళీ తోశాడు. తానే గూట్లో పెట్టాడు, తీశాడు, పెట్టాడు. అందులో కోపమేమీ లేదు. ప్రూఫు రెండోసారి చదివే మనిషి ఎలా చదువుతాడో అలా చేశాడు. జేబులోంచి నోట్‌బుక్కు తీసి పదిహేడో దానికి టిక్కు పెట్టాడు.

"మీ అక్క సాయంత్రం వస్తానంది" అన్నాడు గుమ్మం దిగుతూ. "దాని కేకలకు తలుపులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకో."

బావ వెళ్ళాక మాస్టారు గోడ మీది అట్ట తీసి బల్ల కింద పెట్టాడు. పాత రిజిస్టరు తెరిచి ముందు పనిచేసినాయన నంబరు వెతికాడు. దొరికింది. మూడుసార్లు మోగాక అవతల ఫోన్ తీశారు.

"డ్రోన్ల కొట్టు నుంచండీ. మాస్టారిని."

అవతల టీవీ చప్పుడు తగ్గింది.

"చెప్పండి మాస్టారూ" అన్నాడాయన. "ఇంకా నాదేం తప్పు మిగిలింది?"