రెండోసారి పెట్టిన తీర్మానం

సంయుక్త ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఎష్‌బోర్న్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. నాలుగేళ్ల క్రితం ఈషాను ఫ్రాంక్‌ఫర్ట్‌లో రిజిస్టర్ పెళ్లి చేసుకుంది. జర్మనీలో ఆ పెళ్లికి అన్ని హక్కులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో విమానం దిగితే మాత్రం చట్టం దృష్టిలో వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు.

ఆమె తీరిక వేళల్లో పనిచేసే వలస హక్కుల వేదికలో మనవాళ్లు నలభైమంది దాకా ఉంటారు. అద్దెకు ఇల్లు దొరకనివాళ్లకీ, వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకనివాళ్లకీ తోడు వెళ్లడం వాళ్ల పని. భారత సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమన్న ఏడాది, వాటికి మద్దతుగా వేదిక ఒక తీర్మానం చెయ్యాలని సంయుక్త అడిగింది. అధ్యక్షుడు భాస్కర్ రావు నల్లగొండ మనిషి, చదువుకునే రోజుల నుంచీ పౌరహక్కుల సభల్లో తిరిగినవాడు. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఇది మన పరిధిలోది కాదని, సభ్యులు చీలిపోతారని నెమ్మదిగా చెప్పాడు. ఓటింగ్‌లో ఆరు చేతులే లేచాయి.

ఎస్-బాన్ లోకల్ రైల్లో ఇంటికి వెళ్తుంటే, ఇంక ఆ వేదిక మొహం చూడకు అంది ఈషా. సంయుక్త మానలేదు. వారం వారం వెళ్లి కొత్తగా వచ్చినవాళ్లకు ఫారాలు నింపిపెడుతూనే ఉంది.

ఈ ఏడాది వార్షిక సభలో మళ్లీ అదే తీర్మానం పెట్టింది. ఈసారి ఇండియాలోని మూడు హక్కుల సంఘాలు మద్దతుగా రాసిన ఉత్తరాలు కూడా చదివి వినిపించింది. అప్పుడు వెనక వరసలోంచి రుమానా లేచింది. హైదరాబాద్ టోలీచౌకీ నుంచి వచ్చింది, నమాజు తప్పని మనిషి. వ్యతిరేకంగానే మాట్లాడుతుందని సంయుక్త అనుకుంది.

"నా పేరు విని తొమ్మిది చోట్ల ఇల్లు ఇయ్యలేదు. పదో ఇంటికి సంయుక్త నాతోని వచ్చింది. నీ మతం ఏంది, ఇది నా పనేనా అని అడగలేదు. పోయినసారి నేను చెయ్యి ఎత్తలేదు. ఇంటికి పోయినంక సిగ్గనిపించింది. ఇయ్యాల ఎత్తుతున్న."

ముందు ఆమె చెయ్యి ఒక్కటే లేచింది. పక్కనే కూర్చున్న భర్త ఫుర్ఖాన్ కూడా ఎత్తాడు. తర్వాత ఒక్కో వరసా కదిలింది. చేతులు లెక్కపెట్టిన కార్యదర్శి గీతిక ముప్ఫై ఒకటి అని చెప్పింది. భాస్కర్ రావు చెయ్యి కూడా పైనే ఉంది. అధ్యక్షుడి ఓటు లెక్కలోకి రాదని ఎవరో గుర్తుచేస్తే, తెలుసు, అయినా ఎత్తుతా అన్నాడు.

సభ ముగిసి కుర్చీలు సర్దుతున్నప్పుడు ఆయన లాప్‌టాప్‌తో సంయుక్త దగ్గరికి వచ్చాడు. తీర్మానంతో పాటు ఢిల్లీలోని ప్రభుత్వానికి పంపే ఉత్తరంలో, మీకిద్దరికీ ఇష్టమైతే, మీ సంగతి కూడా రాద్దామన్నాడు.

"ఈషాను ఏమని రాయాలె బిడ్డా?"

"నా భార్య అని రాయండి సార్."

ఆయన అలాగే టైపు చేసి స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. సంయుక్త వెంటనే ఈషాకు ఫోన్ చేసి, ఆ వాక్యం చదివి, పంపమంటావా అని అడిగింది. పంపమంది ఈషా. ఫోన్ పెట్టేసే ముందు ఇంకోసారి చదవమంది.

ఈసారి సంయుక్త గొంతు పెంచి, కుర్చీలు సర్దుతున్నవాళ్లందరికీ వినిపించేలా చదివింది.