రెండు బండ్లు పట్టే ట్రైలర్

అంబీకి అబద్ధం చెప్పడం చేతకాదని ఆషర్‌విల్‌లో అందరి నమ్మకం. ఆ మంచిపేరు చాటునే ఆమె ఎనిమిది నెలలుగా ఒక మోటార్ సైకిల్‌ను దాచింది.

ఎర్రటి చిన్న బండి. సీ కౌ లేక్‌లో ఆమె పిన్ని కొడుకు రెజీకి బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. అందులో ఒక మూల టార్పాలిన్ కప్పుకుని ఉండేది. ప్రతి మంగళవారం పిన్నిని చూసొస్తానని బయల్దేరేది అంబీ. వెళ్లి పిన్నికి నిజంగానే ఒకసారి మొహం చూపించి, ప్యాంటు తొడుక్కుని, ఉమ్‌గేని నది ఒడ్డున మట్టిబాట మీద రెజీ అరుపుల మధ్య క్లచ్చు వదలడం నేర్చుకుంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో రెండుసార్లు పడింది. మోకాలి దెబ్బకు పిన్ని ఇంటి మెట్లు కారణమని మొగుడికి చెప్పింది. మొగుడు సూబయ్య వెంటనే తాపీ, సిమెంటు సంచీ తీసుకుని ఆ మెట్లు బాగుచేయడానికి బయల్దేరాడు. అతన్ని ఆపేసరికి అంబీకి తలప్రాణం తోకకొచ్చింది.

సూబయ్య డార్నల్ చక్కెర మిల్లులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాడు. అతనికో పెద్ద నల్ల మోటార్ సైకిల్ ఉంది. తెల్లవాళ్లు కానివాళ్లు కూడా మొదటిసారి ఓట్లు వేసి ఏడాది దాటింది. సముద్రం ఒడ్డున డేరాలు వేసుకునే మైదానాల గేట్ల మీద తెల్లవాళ్లకు మాత్రమేనన్న బోర్డులు పోయి, మేకుల బెజ్జాలు మిగిలాయి. ఇన్నాళ్లూ ఆ గేట్ల ముందునుంచి పోవడమే తప్ప లోపలికి అడుగుపెట్టని సూబయ్య, ఇప్పుడు ఒక్కోదాంట్లో రెండేసి రాత్రులు పడుకుని తీరాలని పట్టుబట్టాడు. అందుకు ట్రైలర్ కావాలి. మామూలుది కాదు, బండినీ మనుషుల్నీ రెంటినీ మోసేది. వెనక తలుపు కిందికి దించితే అదే ర్యాంప్ అవుతుంది, బండి లోపలికెక్కుతుంది. చేరాల్సిన చోటు చేరాక బండి దించేసి, గోడకు మడిచిన పడకలు విప్పుకుంటే అదే ఇల్లు.

"ఒక బండి, ఇద్దరం మనుసులం. సిన్నది సాలు," అన్నాడు సూబయ్య.

అంబీ ఊకొట్టింది. ఆమె మనసులో ఉన్నవి రెండు బండ్లు.

శనివారం పొద్దున పైన్‌టౌన్ దారిలో ట్రైలర్లు అమ్మే యార్డుకు వెళ్లారు. అక్కడ కోలిన్ అనే తెల్లతను ఎదురొచ్చాడు. మర్యాదస్తుడే. కాకపోతే ఇరుసుల సంగతి మగవాళ్లకూ సొరుగుల సంగతి ఆడవాళ్లకూ చెప్పాలని అతనికెవరో నూరిపోసినట్టున్నారు. సూబయ్యతో చక్రాల గురించి మాట్లాడి, అంబీ వైపు తిరిగి కర్టెన్ రంగు చూపించేవాడు.

సూబయ్య ముందుగా ఆగింది ఒక పొట్టి ట్రైలర్ దగ్గర. కింద ఒక బండికి చోటు, పైన గుడ్డ డేరా. అంబీ నిచ్చెనెక్కి డేరాలో వెల్లకిలా పడుకుంది. పాదాలు బయటికొచ్చాయి. నిజం చెప్పాలంటే, కొంచెం కిందికి జరిగి మరీ రప్పించింది.

"మావా, నా కాళ్లు కోతులు పీకుతాయి."

రెండో ట్రైలర్‌లో బండి పక్కనే పడక. అంబీ లోపలికి తొంగిచూసి ముక్కు మూసుకుంది.

"పెట్రోలు కంపు."

"లోపల బండే లేదు గదే, కంపెక్కడిది?"

"రేపెడతావు గదా."

మూడోది పొడుగాటిది. ముందు వైపు వంటిల్లు, గోడలకు మడత పడకలు, మధ్యలో ఒకదాని వెనక ఒకటి రెండు బండ్లకు చోటు. అంబీ దాని ఒంటిమీద ఆవును నిమిరినట్టు చెయ్యి రాసింది.

"ఇది బాగుంది మావా."

"ఇందులో రెండు పడతాయి. రెండోది ఎవుడిది?"

ఆ ప్రశ్నకు అంబీ దగ్గర అబద్ధం తయారుగా లేదు. నోటికొచ్చింది అనేసింది.

"రెజీ వత్తాడు గదా మనతో."

అనగానే నాలుక కరుచుకుంది. సూబయ్య మొహం మాడిపోయింది.

"ఆడొత్తే నేను రాను! ఆడి గురక్కి తిమింగలాలు ఒడ్డుకొత్తాయి," అని గిరుక్కున తిరిగి మళ్లీ ఆ పొట్టి ట్రైలర్ వైపే నడిచాడు. అందులో రెజీకి చోటు ఉండదు.

తెలుగు ముక్క తెలియని కోలిన్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ నవ్వుతున్నాడు. పని చెడుతోందని అంబీ అతన్నే పట్టుకుంది. మోటార్ సైకిల్ ఎక్కించి చూడకుండా ట్రైలర్ ఎలా కొంటామని ఇంగ్లీషులో అడిగింది. మంగళవారం తెచ్చి చూసుకోండి, అన్నింట్లోనూ ఎక్కించి చూడండి అన్నాడతను. కొలవకుండా బోల్టు కూడా కొనని సూబయ్యకు ఆ మాట నచ్చింది.

ఇంటికొచ్చి, సూబయ్య పెరట్లో ఉండగా అంబీ వంటింట్లోంచి ఫోను చేసింది.

"రెజీ, మంగళారం నా ఎర్రదాన్ని యార్డుకు తే."

"బావ నన్ను సంపుతాడు అక్కా."

"ముందు నన్ను సంపాలి గదా. నీకు టైముంటది, పారిపో."

మంగళవారం సూబయ్య తన నల్ల బండిని పొడుగాటి ట్రైలర్‌లోకి ఎక్కించి, దించి, ర్యాంప్ వాలు బాగుందని ఒప్పుకుంటుండగా రెజీ చిన్న ట్రక్కు, అతని బకీ, వచ్చి ఆగింది. వెనక తొట్టిలో తాళ్లతో కట్టిన ఎర్ర మోటార్ సైకిల్.

"సెప్పానా లేదా, ఈడు రాకూడదని!"

"నేను రాను బావా," అన్నాడు రెజీ బండి దించుతూ. "ఇదొక్కటే వత్తది."

"ఎవుడిదిది?"

రెజీ ఆకాశంలో మబ్బులు చూశాడు. అంబీ అతని చేతిలోంచి హెల్మెట్ లాక్కుని తలకు పెట్టుకుంది. బండెక్కి స్టార్ట్ చేసింది. ర్యాంప్ మొదట్లోనే ఇంజను ఆగిపోయింది. కోలిన్ "మేడమ్! మేడమ్!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. అంబీ అతన్ని పక్కకు తప్పుకోమని చెయ్యి ఊపి, మళ్లీ స్టార్ట్ చేసి, ఈసారి ఒక్క ఊపులో పైకెక్కింది. ఎక్కడం బాగానే ఎక్కింది. ఆపడమే కాస్త ఆలస్యమైంది. ముందు చక్రం వెళ్లి వంటింటి అలమరకు కొట్టుకుంది. అలమర తలుపు ఒంటి మడతబందు మీద వేలాడింది.

సూబయ్య ర్యాంప్ మీదుగా మెల్లగా లోపలికొచ్చాడు. చక్రాన్ని చూశాడు, తలుపును చూశాడు, ఆఖరున పెళ్లాన్ని చూశాడు.

"ముందు బ్రేకు ఎందుకు ఆలస్యంగా పట్టేవు?"

"అట్టాగే నేర్పేడు."

"ఎవుడు? ఈడా? ఈడి సేతికి నేను స్పానరు కూడా ఇవ్వను." గొంతు తగ్గించాడు. "నన్నడగొచ్చు గదే."

ఆ మాట అంబీకి గుచ్చుకుంది. కోప్పడితే ఎలా తిప్పికొట్టాలో ఆలోచించుకొచ్చింది గానీ, ఇలా అడుగుతాడని అనుకోలేదు.

"నువ్వు కారు నేర్పినప్పుడేమైంది మావా? మూడు వారాలు మాటల్లేవు."

సూబయ్య గుర్తు చేసుకున్నాడు.

"నాలుగు," అన్నాడు. ఆపైన నవ్వాపుకోలేకపోయాడు.

తర్వాత అతను జేబులోంచి టేపు తీశాడు. నల్లదాని పొడుగు, ఎర్రదాని పొడుగు, మధ్యలో పట్టీలు బిగించడానికి చోటు. అన్నీ కలిపితే జానెడు చాలలేదు. వంటిల్లు అడ్డం. కోలిన్ ఆ వంటింటిని వదులుకోలేకపోయాడు. రెండు బర్నర్ల పొయ్యి, నీళ్ల తొట్టి, మసాలా డబ్బాలకు వేరే అర, మేడమ్ కోసమే అన్నట్టు చేశారన్నాడు.

"విప్పెయ్యండి," అంది అంబీ.

"పొయ్యినా?" అన్నాడు కోలిన్.

"మొత్తం. ముప్పై నాలుగేళ్లు పొయ్యి ముందు నిలబడ్డాను. సముద్రం దాకా పోయి మళ్లీ దాని ముందేనా?"

"మరి తిండి?" అన్నాడు సూబయ్య.

"బయట గ్యాసు పొయ్యి పెట్టుకుని నువ్వొండు. మిల్లులో బాయిలరు బాగుసేసినోడివి, పప్పుసారు కాయలేవా?"

వంటిల్లు తీసేస్తే బరువు కూడా తగ్గి వాళ్ల పాత బకీయే దాన్ని లాగగలదని కోలిన్ చెప్పాక సూబయ్యకు అడ్డు చెప్పడానికేమీ మిగల్లేదు. విరిగిన తలుపు గొడవ కూడా దాంతోనే తీరింది. రెజీ మాత్రం ఇంకా బకీ చాటునే నిలబడి ఉన్నాడు.

రెండు వారాలకు ప్రయాణం. ఆ పొద్దున ట్రైలర్ ర్యాంప్ దించి ఉంది, రెండు బండ్లూ తయారుగా ఉన్నాయి, కానీ ఎవరూ ఎక్కించడం లేదు. ముందెక్కిన బండి ఆఖరున దిగుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నువ్వు ఎక్కించు," అన్నాడు సూబయ్య ఎంతో ప్రేమగా.

"పెద్దోడివి, నువ్వు ముందు."

అతను టైర్లలో గాలి చూశాడు. ఆమె తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది. ఎండ గోడ దిగి వాకిట్లోకొచ్చింది. పక్కింటి మ్యాగీ రెండుసార్లు వీడ్కోలు చెప్పి, ఇంకా వెళ్లలేదా అని మూడోసారి బయటికొచ్చింది. అప్పుడు అంబీ ట్రైలర్ చక్రం దగ్గర గొంతుక్కూచుని, అమాయకంగా అడిగింది.

"మావా, బరువైంది ఇరుసుకి ముందుండాలా, ఎనకుండాలా?"

సూబయ్య నోరు తెరిచాడు. బరువు వెనకుంటే ట్రైలర్ దారంతా తోకాడిస్తుందని ఆ వీధిలో కుర్రాళ్లకు కూడా పాఠం చెప్పినవాడతను. నోరు మూసుకుని తన నల్ల బండిని ముందుగా ఎక్కించి, ఒక్కో పట్టీనీ పళ్లు కొరుకుతూ బిగించాడు.

మధ్యాహ్నానికి సముద్రం ఒడ్డున మైదానం చేరారు. ర్యాంప్ ఇసుకను తాకిందో లేదో, ఎర్ర బండి వెనక్కి దిగింది. సూబయ్య లోపల రెండో పట్టీ దగ్గరే ఉన్నాడు.

"ఉండవే! నేనొత్తా!"

"రా మావా, ఎవురొద్దన్నారు?"

అంబీ డేరాల మధ్య బాట మీదుగా నెమ్మదిగా పోయింది. ఎండకు ఎర్రగా కాలిన తెల్లాయన ఒకడు చేతిలో కప్పుతో అలాగే ఉండిపోయాడు. గేటు దాకా వెళ్లి ఆమె ఆగింది గానీ ఇంజను ఆపలేదు. నల్ల బండి గుడగుడలాడుతూ వచ్చి పక్కన నిలబడగానే, సూబయ్య బ్రేకుల గురించి మొదలుపెట్టేలోపే, మళ్లీ కదిలింది.