సగం ముద్ద

వేంపల్లెలో చింతపండు వ్యాపారం చేసే మౌలా సాహెబ్‌కు ఎవరి మాట విన్నా తరుగు తీయడం అలవాటు. కొండ నుంచి దిగే చింతపండులో తేమ ఉంటుంది. ఎండితే తూకం తగ్గుతుంది. ఆ తగ్గబోయేదాన్ని ముందే అంచనా కట్టి కొట్టేయడమే తరుగు. పండుకు తీసినట్టే ఆయన మనిషి మాటకూ తీసేవాడు. రైతు ఎండు సరుకు అంటే సగమే ఎండిందనీ, బండివాడు ఇదో వస్తానంటే పొద్దు వాలాక వస్తాడనీ ఆయన లెక్క. ఆ లెక్కతోనే మండీ పెట్టాడు, ఇల్లు కట్టాడు. అది తప్పింది ఒకే ఒక్కసారి. ఆ తప్పిన చోటి నుంచి ఇప్పటికీ ఒక చప్పుడు వస్తూ ఉంటుంది.

ఎలుగుబంటి పంజా చప్పరించే చప్పుడు అది. ఎక్కడో తేనెపట్టు కదిలినట్టు జుమ్మని ఉంటుంది.

పాలకొండల్లో తల్లి చచ్చిన ఎలుగు పిల్లను ఒక వేటగాడు చింతపండు బస్తాలతో పాటు తెచ్చి మండీలో దించిపోయాడు. పెంచి సర్కసు వాళ్లకు అమ్మొచ్చని మౌలా సాహెబ్ ఉంచుకున్నాడు. ఆయన భార్య పీరాంబీ దానికి కాలూ అని పేరు పెట్టింది. సంగటి ముద్దలు చేసి చేత్తో తినిపించింది. ముద్ద అయిపోయాక ఇంకా కావాలన్నట్టు కాలూ పెరట్లో గోడకు జారగిలపడి, పంజా నోట్లో పెట్టుకుని జుమ్మని పాడుకునేది.

ఏపుగా పెరిగాక గొలుసు కొరికి కోరపన్ను విరగ్గొట్టుకుంది. దవడ వాచి చీము పట్టింది. తల గోడకేసి రుద్దుకుంటూ మూలిగేది. కడపలో దిగిన సర్కసు మనిషి వచ్చి చూసి, "నోరు బాగు చేయించు సాయిబూ, తీసుకపోతా," అన్నాడు. పీరాంబీకి సర్కసు సంగతి పట్టలేదు. "అమ్మితే అమ్ముదువులే. ముందు ఆ నొప్పి తీయించు," అంది.

ఊరి చివర, మండీ పక్కనున్న పశువుల ఆసుపత్రికి దావీదురాజు అనే కుర్ర డాక్టరు కొత్తగా వచ్చి ఉన్నాడు. క్లోరోఫారం సీసా ఆ ఊళ్లోకి తెచ్చింది అతనే. కాలూ దవడ చూసి, మరుసటి పొద్దున పన్ను పీకుతానన్నాడు.

"ఈ మాపటి నుంచి దానికి తిండి పెట్టొద్దు సాహెబ్. పొద్దున నీళ్లు కూడా వద్దు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది గొంతులోకి పొంగుతాది. మింగేదానికి తెలివుండదు కదా, ఊపిరిలోకి పోతాది. మెతుకు కూడా వద్దు."

మౌలా సాహెబ్ తలాడించాడు. తలాడిస్తూనే తరుగు తీసుకున్నాడు. అసలు వద్దంటే గానీ జనం తగ్గించరని తెలిసి, ఈయన గట్టిగా చెప్పుంటాడు. బేరంలో మొదటి మాట ఎప్పుడూ పెద్దదే.

తెల్లవారేసరికి కాలూ ఆకలికి గొలుసు లాగుతూ ఏడుస్తోంది. పీరాంబీ సంగటి గిన్నె పట్టుకుని నిలబడింది. కరువులు చూసిన పుట్టిల్లు ఆమెది. గడప దాటే ప్రాణి ఖాళీ కడుపుతో దాటకూడదనేది ఆ ఇంటి కట్టుబాటు.

"ఈ ఇంట్లో నుంచి ఎవురన్నా పస్తుతో బయటికి పోయినారా? కత్తి కిందికి పోతాండాది అది. వట్టి కడుపుతో పంపిస్తావా?"

"డాక్టరయ్య వద్దన్న్యాడే."

"డాక్టరయ్యకేం తెలుసు దీని ఆకలి?"

మౌలా సాహెబ్ గిన్నెలో ముద్దను రెండుగా విరిచాడు. ఒక సగం బెల్లంలో పొర్లించి కాలూ నోటికి అందించాడు. "సగానికి ఏమీ కాదులే," అన్నాడు. అటు డాక్టరు మాటా నిలిచింది, ఇటు పెళ్లాం మాటా నిలిచింది, మంచి బేరం అనుకున్నాడు.

ఆసుపత్రి వసారాలో దావీదురాజు మూతికి తొడిగే సంచిలో మందు దూది పెడుతూ అడిగాడు. "ఏమన్నా పెట్టినారా?"

"ఏమీ లేదయ్యా."

సరుకులో తేమ ఉందా అని కొనేవాడు అడిగితే లేదన్నంత సులువుగా వచ్చింది ఆ మాట.

మాగిన పండు లాంటి తియ్యటి వాసన వసారా అంతా నిండింది. కాలూ కాళ్లు వదులైపోయాయి. సంచి తీసి, నోట్లో కట్టె అడ్డం పెట్టి, డాక్టరు పన్ను లాగాడు. చీమూ నెత్తురూ పొంగాయి. అంతలోనే కాలూ రొమ్ము ఒకసారి ఎగిరిపడి ఆగిపోయింది. దావీదురాజు దాని పక్కటెముకల మీద రెండు చేతులూ వేసి నొక్కుతూ, "ఊపిరి పీల్చు, పీల్చు," అని అరుస్తున్నాడు. తల దగ్గరున్న మౌలా సాహెబ్‌కు పెదవి వారన నెత్తురులో సంగటి కనిపించింది. బెల్లం అంటిన సంగటి. డాక్టరు తలెత్తేలోగా భుజం మీది తువ్వాలుతో తుడిచేశాడు.

"మందు ఎక్కువేసినా," అన్నాడు దావీదురాజు, చెమట తుడుచుకుంటూ. "నేనే చంపినా సాహెబ్."

మౌలా సాహెబ్ కాదనలేదు.

ఆ రోజు నుంచి పీరాంబీ ఇంట్లో సంగటి కెలకలేదు. మండీలో చింతపండు బస్తాల మధ్య కూర్చుంటే ఆయనకు ఆ తియ్యటి వాసన తగిలేది. ఇంట్లో నడుం వాలిస్తే పెరట్లో నుంచి జుమ్మని వినిపించేది. లేచి చూస్తే ఖాళీ గొలుసు. గొలుసు తీయించి పాత సామాన్లకు వేశాడు. చప్పుడు పోలేదు.

దాన్ని కూడా నష్టం కింద రాసేసుకుని బతికేవాడేమో. కానీ ఆసుపత్రి మండీకి ఆనుకునే ఉండేది. దావీదురాజు ఆ తర్వాత క్లోరోఫారం సీసా మూత తీయలేదు. కొమ్ము కుళ్లిన ఎద్దును పలుపులతో కట్టి, తెలివి ఉండగానే రంపం పెట్టాడు. గుర్రానికీ అంతే, మేకకూ అంతే. ఆ అరుపులు మండీలోకి వచ్చేవి. ఒక్కో అరుపుకీ మౌలా సాహెబ్ భుజం మీది తువ్వాలు బరువెక్కేది. చచ్చింది ఒక్క ఎలుగుబంటే అనుకున్నాడు తను. లెక్క అక్కడితో ముగియలేదు. ఆ ఒక్క అబద్ధానికి ఊళ్లోని పశువులన్నీ బాకీ కడుతూనే ఉన్నాయి.

ఒకనాడు మద్దమ్మ అనే గొర్రెల కాపరి, అడవిపంది చీల్చిన కుక్కను గంపలో మోసుకొచ్చింది. కాలు తీసేయాలన్నాడు డాక్టరు. తాడు తెమ్మన్నాడు.

"నిద్ర మందుంటాదంట కదయ్యా? దాన్ని పెట్టు సామీ. ఇది శానా పిరికిది."

"ఆ మందు నా చేతికి అచ్చిరాదమ్మా."

మౌలా సాహెబ్ మండీ గోడ పక్క నుంచి వసారాలోకి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యా, నీ చేతిలో తప్పు లేదు. ఆ పొద్దు సగం ముద్ద పెట్టినా. నువ్వడిగితే లేదన్న్యా. దాని మూతి మీద సంగటి ఉంటే తుడిచేసినా."

దావీదురాజు తన అరచేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "ఈ చేతుల్ని నేను నమ్మడం మానేసినా సాహెబ్," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే అది లోపలికి దిగింది.

లోపలికి పోయి సీసా తెచ్చాడు. "ఏమన్నా తినిందా?" అని మద్దమ్మను అడిగాడు.

"ఏమీ తినలేదయ్యా."

మౌలా సాహెబ్ గంప పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏమీ అంటే ఎంతమ్మా?"

"అదేం మాట సాయిబూ?"

"నేనూ ఇట్లే చెప్పినా. ఎంత?"

మద్దమ్మ కొంగు నలుపుకుంది. "బయల్దేరేటప్పుడు రవ్వంత గంజి తాపినా. ఉసూరుమంటా చూస్తాంటే..."

డాక్టరు మూత బిగించాడు. కాలికి గుడ్డ చుట్టి, కుక్కను వసారాలోనే కట్టేసి, రేపు చూద్దామన్నాడు. మర్నాడు అది నిద్రలో కాలు పోగొట్టుకుంది. లేచి, లేని కాలిని నాకబోయి, మద్దమ్మను చూసి తోకాడించింది.

ఇంటికొచ్చి మౌలా సాహెబ్ పీరాంబీతో, "డాక్టరయ్యకు చెప్పేసినా," అన్నాడు.

ఆమె కొర్రన్నం వడ్డిస్తూ ఆగింది. "ఏమన్న్యాడు?"

"ఏమనలేదు. కుక్క బతికింది."

ఆమె మళ్లీ గరిటె అందుకుంది. పెరట్లో జుమ్మని మొదలైంది. ఆయన ఎప్పట్లాగే వినబడనట్టు కంచంలోకి తల వంచాడు. గరిటె చప్పుడు లేకపోతే తలెత్తి చూశాడు. పీరాంబీ ముఖం పెరటి వైపు తిరిగి ఉంది.

"నీకూ వినపడతాందా?" అన్నాడు.

"అది పోయిన కాన్నుంచీ," అంది పీరాంబీ. "దానికింకా ఆకలి తీరలేదు."