బల్ల ఎత్తుకు బిగించిన చెయ్యి

మా బావగారికి లాండ్రీ ఉంది. ఆయన తమ్ముడైన మా ఆయనకి ఆ లాండ్రీలో ఇస్త్రీ బల్ల ఉంది. ఎవరికి ఏముందో మా ఇంట్లో అంత స్పష్టంగా ఉంటుంది. కింద షాపు, పైన రెండు గదులు. గాలి వచ్చే గది బావగారిది, ఆవిరి వచ్చే గది మాది. మా ఆయన ఇస్త్రీ చేస్తాడు, నేను మడతపెట్టి కట్టలు కడతాను, బావగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని మా ఇద్దరినీ చూస్తుంటారు. అది కూడా ఒక పనే అని ఆయన గట్టి నమ్మకం.

పై అరలోంచి దుప్పట్ల మూటలు దించమని మా ఆయన్ని నిచ్చెన ఎక్కించింది బావగారే. ఆ నిచ్చెన కుదురుగా నిలవదని షాపులో అందరికీ తెలుసు. "ఒరేయ్, నేను పట్టుకుంటాగా, ఎక్కు" అన్నారు. పట్టుకున్నారు కూడా. ఫోను మోగేసరికి వదిలేశారు. మా ఆయన రెండు చేతులూ ముందుకు చాపి సిమెంటు నేల మీద పడ్డాడు. ఎడమ ముంజేతిలో ఎముకలు రెండూ విరిగాయి, కుడి మోచెయ్యి నుజ్జునుజ్జయింది. నేను గుండెలు బాదుకుంటుంటే బావగారి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఆ తెల్ల దుప్పట్ల మీద రక్తం పడనివ్వకండి." నేను కల్పించి చెప్పడంలేదు, ఈ చెవులతో విన్నాను.

కట్టులు కట్టారు, విప్పారు, కోశారు, కుట్టారు. కుడి మోచేతిలో చీము పట్టింది. చీము తగ్గేసరికి అక్కడ కీలు అనేదే మిగల్లేదు. చెయ్యి ఎటు పడితే అటు వేలాడేది, కదిలిస్తే మా ఆయన పళ్ళు పటపటా కొరికేవాడు. అన్నాళ్ళూ తినిపించడం, మొహం కడగడం, గుండీలు పెట్టడం అన్నీ నేనే. ఎడమ చేతి ఎముకలు అతుక్కున్నాయి గానీ, వాటితో ఇంకో తంటా వచ్చింది.

ఆ తంటా ఏమిటో ఎముకల డాక్టరు రెండు పెన్సిళ్ళు పక్కపక్కన పట్టుకుని చూపించాడు. ఆయనకి మనుషుల మొహాలు చూసి మాట్లాడే అలవాటు లేదు, చేతులు చూసే మాట్లాడతాడు.

"ముంజేతిలో ఎముకలు రెండమ్మా. అరచెయ్యి వెల్లకిలా ఉన్నప్పుడు ఇలా పక్కపక్కనే ఉంటాయి. బోర్లా తిప్పామనుకో, ఒకటి ఉన్నచోటే ఉంటుంది, రెండోది దాని మీదుగా దొర్లుతుంది. ఈయన ఎడమ చేతిలో ఈ రెండిటి మధ్యా ఎముక పెరిగి ఒకటైపోయాయి. అరచెయ్యి ఇక బోర్లానే. విడగొట్టినా మళ్ళీ అతుక్కుంటాయి."

"బోర్లా ఉంటే నష్టమేంటి డాక్టరుగారూ? గుడ్డ సాపు చెయ్యడానికి బోర్లానేగా కావాల్సింది" అన్నారు బావగారు.

డాక్టరు అప్పుడు మాత్రం తలెత్తి మొహం చూశాడు.

"సాపు చెయ్యొచ్చు. ముద్ద పట్టుకుంటే మాత్రం మొహందాకా రాదు, కట్టులో ఉండి ఉండి ఈ మోచెయ్యి బిగుసుకుపోయింది, సగమే మడుస్తుంది. చెంచా పట్టుకున్నా దారిలోనే ఒలికిపోతుంది" అని కుడి చెయ్యి అందుకున్నాడు. "ఇక ఇది. మోచెయ్యంటే తలుపు బందు లాంటిది. ఈ బందు పోయింది. చీము పట్టినచోట కొత్తది పెట్టినా నిలవదు. ఎముకలు కలిపి, ప్లేటు వేసి బిగించేస్తాను. నొప్పి పోతుంది, బలం వస్తుంది. కానీ మడవడం, చాపడం ఇక ఉండవు. ఏ వంపులో బిగిస్తే చచ్చేదాకా అదే వంపు. అరచెయ్యి తిరుగుతుంది, మణికట్టు ఆడుతుంది, బొటనవేలు అన్ని వేళ్ళనీ తాకుతుంది. అయితే వాటిని ఎక్కడికి చేర్చాలన్నది మోచేతి పని. ఏ వంపు కావాలో మీరే చెప్పాలి."

"అన్నిటికీ పనికొచ్చే వంపు లేదాండీ?" అన్నాను.

"లేదమ్మా. బాగా మడిచి బిగిస్తే నోరు, మొహం, మెడ దగ్గర గుండీ అందుతాయి. చాపి బిగిస్తే బల్ల మీద పని అందుతుంది. మధ్యలో బిగిస్తే రెండూ చెడతాయి." పెన్సిళ్ళు జేబులో పెట్టుకుని, "ముందు ఒక వంపులో పిండికట్టు వేస్తాను, కొన్నాళ్ళు ఉండి చూడండి. తర్వాత ఇంకో వంపులో వేస్తాను. దర్జీ దగ్గర చొక్కా తొడిగి చూసుకున్నట్టే. కాకపోతే ఈ చొక్కా మళ్ళీ విప్పడం ఉండదు" అన్నాడు.

మొదట మడిచిన కట్టు వేశారు. ఇంటికి రాగానే మా ఆయన కంచం ముందు కూర్చుని, మెడ కాస్త వంచి, తన చేత్తో తాను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నా వైపు చూసి మళ్ళీ ఇంకోటి పెట్టుకున్నాడు. ఆ పూట కడుపు పట్టనంత తిన్నాడు. తన గడ్డం తానే గీసుకున్నాడు, ముక్కు తానే తుడుచుకున్నాడు. పక్కనుంచి పోతూ నా బుగ్గ గిల్లి, "అందుతోందే!" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బల్ల దగ్గర మాత్రం పని సాగలేదు. ఇస్త్రీ పెట్టె చొక్కా మీద ఆనాలంటే నడుం విరిగేలా వంగాలి, వంగితే పెట్టె నడవదు, నడవకపోతే గుడ్డ మాడుతుంది. ఒక కాలరు మాడనే మాడింది. బావగారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించి, "చొక్కా తగలేశావు గానీ నీ గడ్డం మాత్రం భలే నున్నగా గీశావురా" అన్నారు. షాపులో ఉన్నవాళ్ళు ఇకిలించారు. మా ఆయన కూడా నవ్వాడు. నోట్లో నాలుక లేని మనిషి, నవ్వక ఏం చేస్తాడు?

రెండో కట్టుకి బావగారు మాతో ఆసుపత్రికి వచ్చారు. చేతిలో సంచి. లోపలికి వెళ్ళాక అందులోంచి ఇస్త్రీ పెట్టె తీసి డాక్టరు బల్ల మీద పెట్టారు! తమ్ముడి చేత పిడి పట్టించి, మోచెయ్యి కాస్త పైకనీ కాస్త కిందకనీ దగ్గరుండి సర్ది, "ఆఁ, ఇక్కడ. ఇక్కడ కట్టండి" అన్నారు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు పిండి తడిపాడు.

ఆ కట్టుతో మా ఆయన ఇస్త్రీ చేస్తుంటే చూడాలి. భుజం నుంచి తోస్తే పెట్టె బల్ల ఆ చివరికీ ఈ చివరికీ జర్రున పోయేది. ఎడమ అరచెయ్యి బోర్లా గుడ్డ మీద పరుచుకుని ముడతల్ని ముందుకు నెట్టేది. చొక్కా చేతుల అంచులు కత్తిరించినట్టు వచ్చేవి. నా ఒళ్ళు మండింది ఎక్కడంటే, ఆయన మురిసిపోయాడు. ఆ అంచుల్ని చూసుకుంటూ పెదవులు బిగించి ముసిముసిగా నవ్వుకున్నాడు. అదే మనిషి మధ్యాహ్నం కంచం ముందు చేతులు రెండూ పక్కన పెట్టుకుని నా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ముక్కు మీద ఈగ వాలితే ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటున్నాడు.

నేను బావగారితో తేల్చుకుందామని కిందకి దిగాను.

"ఇస్త్రీ నేను చేస్తాను బావగారూ. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. చెయ్యి మడిచే బిగించమందాం."

"నువ్వు ఇస్త్రీ చేస్తే జనం ఆ చొక్కాలు వేసుకుంటారా, నేల తుడుచుకుంటారా?" అన్నారు తాపీగా. "చూడమ్మాయ్, తిండి రోజుకి ఎంతసేపు, పని ఎంతసేపు? వాడికి పనే ప్రాణం. అయినా ఇంట్లో ఇన్ని చేతులున్నాయి. నాది, మా ఆవిడది, నీది. ముద్ద పెట్టే చేతులకి కరువా మనకి?"

"మీరు పెడతారా?"

"తమ్ముడు కాదా వాడు నాకు? ఎత్తుకుని పెంచాను."

ఆయన పెంచిన మాట నిజమే. ఆ మాట అన్నప్పుడల్లా మా ఆయన మెడ వంగిపోతుంది. దానికి ఏ కీలూ అడ్డు రాదు.

ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మా ఆయన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని బతిమాలాను. "మీకు దణ్ణం పెడతానండీ. నేనుంటే తినిపిస్తాను. రేపు నాకు జ్వరమొస్తే? నేను పోతే? కన్నీళ్ళొస్తే ఎవరు తుడుస్తారు మీకు?"

"సర్లే, ఊరుకో. మడిచే బిగించమని చెప్తాను" అన్నాడు. ఒట్టు కూడా వేశాడు.

లోపల డాక్టరు ఫైలు మూసి, "ఏమయ్యా, ఏం తేల్చుకున్నారు?" అని అడిగాడు. మా ఆయన నోరు తెరిచాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ అన్నగారి వైపు ఒక్కసారి చూశాడు. బావగారు గొంతు సవరించుకున్నారు, అంతే. మా ఆయన ఎడమ చేత్తో తన కుడి చెయ్యి పట్టుకుని, ఎత్తి, డాక్టరు బల్ల మీద చాపి పెట్టాడు. సరిగ్గా ఇస్త్రీ పెట్టె పిడి పట్టుకునే వాలులో.

"వద్దండీ! డాక్టరుగారూ, అది ఆయన కోరిక కాదు, మాకు మడిచే కావాలి!" అని అరిచాను.

"చెయ్యి ఎవరిదమ్మా?" అన్నాడు డాక్టరు.

బిగించేశారు.

ఎముక గట్టిపడి మా ఆయన బల్ల దగ్గరికి వచ్చిన రోజు బావగారు స్వయంగా ముద్ద పెట్టారు. పక్క షాపులవాళ్ళు చూస్తుండగా, "తినరా, తిను" అని గడ్డం పట్టుకుని మరీ పెట్టారు. వాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. అదే మొదలు, అదే ఆఖరు. మా అక్క, అంటే బావగారి భార్య, ఒకపూట కంచం పట్టుకుని కూర్చుంది గానీ, "నాకు ఒకళ్ళ ఎంగిలంటే కడుపులో తిప్పుతుందే" అని లేచిపోయింది. ఇంట్లో ఉన్న ఇన్ని చేతుల్లోనూ మిగిలినవి నావే. పొడుగు కాడ చెంచా చేయించి చూశాను. మణికట్టు ఎంత వంచినా చెంచాలోది ఒళ్ళోనే పడేది. "నేల తుడిచే పని కూడా పెంచావు" అన్నారు బావగారు.

నేను పైకెక్కి తినిపించడం మొదలుపెట్టేసరికి కింద నుంచి కేక. "అమ్మాయ్! కట్టలు ఆగిపోయాయి!" ముద్ద చేతిలోనే ఉండేది. దిగి, కట్టి, మళ్ళీ ఎక్కేసరికి మా ఆయన నేను వదిలిన చోటే, నోరు కాస్త తెరుచుకుని కూర్చుని ఉండేవాడు. ఒక్కనాడూ ఆకలేస్తోందని అనలేదు. ఆ అనకపోవడం చూస్తే నాకు ఇంకా కోపం. ఒక్కోసారి ఆ కోపమంతా ముద్దలో పెట్టి నోట్లో కుక్కేదాన్ని. పొలమారితే వీపు తట్టేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం లాడ్జి దుప్పట్లన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. రెండు ముద్దలు పెట్టానో లేదో కేక. దిగాను. కట్టిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. మా ఆయన ఆకలితో ఉన్నాడన్న సంగతి నా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. బల్ల ఖాళీగా ఉందేమిటని విసుక్కుంటూ బావగారు పైకి వెళ్ళారు. నేను చేతిలో దుప్పటి అక్కడే పడేసి ఆయన వెనకే పరిగెత్తాను.

మా ఆయన కంచం స్టూలు మీద ఉంది. ఆయన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, మొహం కంచంలో పెట్టి తింటున్నాడు. అడుగుల చప్పుడుకి తల ఎత్తాడు. ముక్కు మీద, కనుబొమ్మల మీద, గడ్డం నిండా మెతుకులు.

గుమ్మంలో బావగారు కదలకుండా నిలబడ్డారు. ఇంత చూశాకైనా ఈ మనిషి గుండె కరుగుతుంది, ఒక్క మాటైనా అంటాడు అనుకున్నాను.

అన్నారు. "చూశావా అమ్మాయ్? నువ్వు ఊరికే హైరానా పడిపోతున్నావు. వాడికి తినడం వచ్చేసింది. రేపట్నించి నువ్వు మధ్యాహ్నం పైకి రానక్కర్లేదు, కంచం పెట్టేసి వచ్చేయ్."

"మీరు మనిషేనా!" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన మొహం మీద గట్టిగా అన్న మాట అదొక్కటే. వెంటనే మా ఆయన అందుకున్నాడు.

"ఊరుకోవే. నాకు బాగానే వస్తోంది. స్టూలే మరీ పొట్టిగా ఉంది అన్నయ్యా, మెడ లాగుతోంది."

"అదెంత పని!" అన్నారు బావగారు.

సాయంత్రం వడ్రంగి వచ్చాడు. నేలకీ గడ్డానికీ మధ్య ఎత్తు ఎంతో టేపు పెట్టి కొలిచాడు. కొలిచినంతసేపూ మా ఆయన నోరు తెరిచి, కదలకుండా కూర్చున్నాడు.