పేరు సత్తిరాజుది, నెత్తురు అబ్బులుది

నేను ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని. వేలెడు పొడవు, ఊదారంగు మూత, అడుగున నెత్తురు గడ్డకట్టనివ్వని మందు. ఒకే రోజు ఒకే యంత్రంలో నాతో పాటు వేలమంది పుట్టారు. నేరంలో ఇరుక్కున్నది మాత్రం నేనొక్కదాన్నే అనుకుంటాను.

మంగళవారం ఉదయం ఏడింటికి క్లినిక్ అమ్మాయి కరుణ నన్ను సంచిలో వేసుకుని కాజాల సత్తిరాజు ఇంటికి వెళ్లింది. ఆమె ఉద్యోగంలో చేరి నాలుగు రోజులు. సత్తిరాజు ముప్పై ఏళ్లుగా తన మిఠాయి కొట్లో ప్రతి పాకాన్నీ నాలుక మీద వేసుకుని చూసే మనిషి. పొట్ట పెరగడం చూసి భార్య మంగాయమ్మ షరతు పెట్టింది: నెత్తురు పరీక్షలో షుగర్ దరిదాపుల్లో ఉన్నా సరే, పాకం గరిటె తన తమ్ముడు అబ్బులు చేతికి వెళ్తుంది. గరిటె లేకపోతే సత్తిరాజుకి బతుకే లేదు. పుల్లలా ఉండే అబ్బులుకి పొయ్యి సెగంటే హడల్. ఇంకేం, ఇద్దరూ ఒక్కటయ్యారు. మంగాయమ్మ కొట్టుకి వెళ్లాక, సత్తిరాజుగారు ఎవరని కరుణ అడిగితే అబ్బులు దర్జాగా చెయ్యి చాపాడు.

మూడు నెలల సగటు చక్కెర 6.1 అని తేలింది. మధుమేహం కాదు, దాని గుమ్మం. నాతో పాటు అదే నెత్తురు నింపుకున్న ఇంకో గొట్టంలో చేసిన పరీక్ష ఒంట్లో ఎక్కడో వాపు ఉందని కూడా చెప్పింది.

సాయంత్రం భార్యనీ బావమరిదినీ వెంటబెట్టుకుని వచ్చిన సత్తిరాజుకి డాక్టరమ్మ తన గదిలో ఆ లెక్క చదివి వినిపించింది. నిజం చెప్పలేడు, గరిటె వదలలేడు. గొట్టాలు తారుమారయ్యాయని వాదనకు దిగాడు. డాక్టరమ్మ నన్ను తెప్పించింది. కరుణ నన్ను పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈయన కాదు మేడమ్," అంది. "నేను నెత్తురు తీసింది ఆ మూల స్కూటర్ తాళాలు పట్టుకున్నాయన దగ్గర."

మంగాయమ్మ నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"బావే అన్నాడక్కా, నా నెత్తురైతే దిగుల్లేదని," అన్నాడు అబ్బులు.

వాపు ఎక్కడుందో చూద్దామని డాక్టరమ్మ అతణ్ని నోరు తెరవమంది. చిగుళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి. ఆరు నెలలుగా ఒక పక్కనే నములుతున్నాడట. అక్కడ శత్రువు ఉన్నాడని రక్షణ కణాలు ఒళ్లంతా కబుర్లు పంపుతాయనీ, ఆ గోలలో ఇన్సులిన్ మాట కండరాలకీ కాలేయానికీ సరిగా వినబడదనీ, చక్కెర నెత్తుట్లోనే తిరుగుతుందనీ ఆమె చెప్పింది. ఇదొక్కటే కారణమనలేం గానీ, ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పొమ్మంది.

తన చిగుళ్లు రాళ్లలా ఉన్నాయని సత్తిరాజు ముసిముసిగా నవ్వాడు.

"మీ పొట్టలో కొవ్వూ అలాంటి కబుర్లే పంపుతుందండీ. చెయ్యి చాపండి," అంది డాక్టరమ్మ.

మర్నాడు ఆయన లెక్కా వచ్చింది. 6.3.

ఇప్పుడు నేను క్లినిక్‌లో వాడేసినవి పారేసే ఎర్ర సంచిలో ఉన్నాను. ఆవిరిలో ఉడికించి ముక్కలు చేస్తారట. పక్కనే సత్తిరాజు గొట్టం. సంచి మూతి కడుతూ కరుణ ఎవరికో చెబుతోంది: గరిటె మంగాయమ్మే తీసుకుందట. ఈ ఉదయం పాకాన్ని రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసి, నాలుకకు తాకించకుండానే దింపేసిందట. కాజాలు ఎప్పటిలాగే ఉన్నాయట.

ముప్పై ఏళ్లుగా పాకానికి కావలసింది రెండు వేళ్లేనన్నమాట. నా పక్క గొట్టానికి ఈ మాట చెప్పలేదు. దాని బాధలు దానికున్నాయి.